పొలిమేరలో పొంచిన తప్పు

ఒక్క తెలుగక్షరం ఐఫోన్లను మూర్ఛపోయేలా చేసింది. ఒక్క గడి తేడా శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసుల్ని చేత్తో రాయించింది. కాయకష్టంతో అరిగిపోయిన వేలు రేషన్ యంత్రాన్ని తికమకపెట్టింది. వేర్వేరు చోట్ల జరిగిన ఈ మూడింటి వెనకా ఉన్న కథ మాత్రం ఒకటే. సాఫ్ట్‌వేర్ ఊరి నడిబొడ్డున చక్కగానే పనిచేస్తుంది. తప్పటడుగు వేసేది పొలిమేరలోనే. ఆ పొలిమేరను ముందే తట్టిచూడటానికి ఓ విద్య ఉంది. దాని పేరు టెస్టింగ్. అది సరిగ్గా జరగకపోతే నష్టం ఎవరికో తెలియాలంటే రాజవొమ్మంగి కొండలదాకా వెళ్లాలి!

జ్ఞానం తెచ్చిన తంటా

2018 ఫిబ్రవరి. ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లకు ఓ వింత జబ్బు పట్టుకుంది. ఎవరో పంపిన సందేశం తెరమీద కనబడగానే యాప్ మూసుకుపోతోంది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూసుకుపోతోంది. అదే సందేశం నోటిఫికేషన్‌గా వస్తే ఫోను మొత్తం ఆగి మళ్లీ మొదలవడం, మళ్లీ ఆగడం... అదే వరస. ఐప్యాడ్లు, మ్యాక్ కంప్యూటర్లు, యాపిల్ వాచీలకూ అదే గతి. ఇంతకీ ఆ సందేశంలో ఏముందీ అంటే... ఒకే ఒక్క తెలుగక్షరం. అది కూడా 'జ్ఞా'. జ్ఞానంలో మొదటి అక్షరం!

మనం రోజూ రాసే 'జ్ఞా'తో ఏ ఇబ్బందీ లేదు. కంప్యూటరు దృష్టిలో అది నాలుగు ముక్కలు. జ, పొల్లు, ఞ, దీర్ఘం. ఫోనును పడేసిన రూపంలో అయిదో ముక్క ఒకటుంది. అది కంటికి కనబడదు. పక్కపక్క అక్షరాలు ఒకదానికొకటి ఒత్తుగా అతుక్కోకుండా ఆపే గుర్తు అది. దాన్ని 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అంటారు. కొత్తదేం కాదు. 'సాఫ్ట్‌వేర్' అని తెలుగులో టైపు చేసినప్పుడల్లా ట-కారపు పొల్లుకూ 'వే'కూ మధ్య ఆ గుర్తే ఉంటుంది. లేకపోతే 'వ' కాస్తా ఒత్తుగా మారి కిందికి దిగిపోతుంది. అలా వాడితే అది మంచి పనిమంతురాలే. కానీ 'జ్ఞ'కూ దాని దీర్ఘానికీ మధ్య దానికి పనిలేదు. పనిలేని చోట అది దూరేసరికి అక్షరాల్ని తెరమీద పేర్చే ప్రోగ్రాముకు ఏం చెయ్యాలో తోచలేదు. తనది కాని మెమరీలో చెయ్యి పెట్టింది. అంతే, కుప్పకూలింది.

బెంగాలీలోనూ, హిందీ రాసే నాగరి లిపిలోనూ ఇలాంటి కూర్పులకే ఫోన్లు పడిపోతాయని తరవాత తేలింది. యాపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదలచేసి ఆ లోపాన్ని సరిదిద్దింది. లోపలికి వచ్చే అక్షరాల్ని ఇంకాస్త జాగ్రత్తగా సరిచూసుకోవడమే ఆ దిద్దుబాటు. అంటే, చూసుకోవాల్సినంత జాగ్రత్తగా అంతకుముందు చూసుకోలేదన్నమాట!

ఒక్క తెలుగులోనే ఎనిమిది కోట్లమందికి పైగా వాడే లిపి ఆ ప్రోగ్రాము రాసినవాళ్లకు పొలిమేర అయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ముందుముందు దీంతో పనిపడుతుంది.

అర టికెట్టు తగాదా

పొలిమేర అంటే ఏమిటో తెలుసుకోవడానికి కంప్యూటర్ చదువక్కర్లేదు. బస్సెక్కితే చాలు. అయిదు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకు అర టికెట్టు అని నిబంధన ఉందనుకుందాం. ఎనిమిదేళ్ల పాపకు అర టికెట్టు. ముప్ఫయ్యేళ్ల తల్లికి పూర్తి టికెట్టు. ఇక్కడ కండక్టరుకీ ప్రయాణికులకీ గొడవే రాదు. మరి నిన్ననే పన్నెండు నిండిన పిల్లాడికో? 'పన్నెండేళ్లలోపు' అంటే పన్నెండు లెక్కలోకి వస్తుందా, రాదా? ఈరోజే అయిదో పుట్టినరోజు జరుపుకుంటున్న బుజ్జాయికో? తగాదా వచ్చేదంతా అక్కడే.

ప్రోగ్రామరు రాసే లెక్కలోనూ అంతే. 'పన్నెండు కంటే తక్కువ' అని రాయాలా, 'పన్నెండు లేదా అంతకంటే తక్కువ' అని రాయాలా? తేడా ఒకే ఒక్క గుర్తు. ఆ గుర్తు మరిచిపోతే ఎనిమిదేళ్ల పాపతో వందసార్లు పరీక్షించినా తప్పు దొరకదు. అందుకే అనుభవమున్న టెస్టరు ఎనిమిదిని ఒక్కసారి చూసి వదిలేస్తాడు. నాలుగు, అయిదు, ఆరు... పదకొండు, పన్నెండు, పదమూడు... వీటిమీద పడతాడు. ఆపైన సున్నా, మైనస్ ఒకటి, రెండొందలు ఇచ్చి చూస్తాడు. గడి ఖాళీగా వదిలేస్తాడు. అంకెకు బదులు 'పన్నెండు' అని అక్షరాల్లో రాస్తాడు. దీన్నే బౌండరీ వాల్యూ టెస్టింగ్ అంటారు. గ్లెన్‌ఫర్డ్ మైయర్స్ 1979లో రాసిన 'ద ఆర్ట్ ఆఫ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్' పుస్తకం ఈ పద్ధతిని వివరంగా చెప్పింది. అప్పట్నుంచీ టెస్టింగ్ నేర్చుకునేవాళ్లకు ఇది ఓనమాల్లో పాఠం.

మన పెద్దలకూ ఈ కిటుకు తెలుసు. గ్రామదేవతను చాలా ఊళ్లలో పొలిమేరలో నిలిపేది అందుకే. ఊళ్లోకి రావాలనుకున్న కీడు ఏదైనా పొలిమేర దాటే రావాలి కదా!

పదకొండో గది తాళం

పొలిమేర దగ్గర కనీసం నిబంధన ఉంటుంది. అది ఎటువైపు వర్తిస్తుందన్నదే సందేహం. అంతకంటే ప్రమాదకరమైన చోటు ఇంకోటి ఉంది. అక్కడ నిబంధనే ఉండదు. సాఫ్ట్‌వేర్ పరిభాషలో దాన్ని 'అన్‌డిఫైన్డ్ బిహేవియర్' అంటారు. రాతలో లేని ప్రవర్తన అన్నమాట.

పది గదుల సత్రం ఉందనుకోండి. ఎవరో వచ్చి పదకొండో గది తాళం అడిగారు. గుమాస్తా మనిషైతే 'అలాంటి గది లేదు బాబూ' అంటాడు. సందేహం వస్తే యజమానిని అడుగుతాడు. డెనిస్ రిచీ 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో రూపొందించిన 'సి' భాష అలా అడగదు. పది గడులున్న వరసలో పదకొండో గడి కావాలంటే ఏం జరగాలో ఆ భాష నిబంధనావళి చెప్పదు. పక్కింటి తలుపు తెరుచుకోవచ్చు. గోడకు గుద్దుకోవచ్చు. ఏమీ జరగనట్టే వందరోజులు నడిచి నూటొకటో రోజున కూలిపోవచ్చు. ఏం జరిగినా నిబంధన ప్రకారం తప్పు కాదు. మీ ముక్కులోంచి దయ్యాలు ఊడిపడినా సరే, అదీ చెల్లుబాటేనని ప్రోగ్రామర్లు 1990ల నుంచీ జోకు వేసుకుంటూనే ఉన్నారు.

ఇంత ప్రమాదమైతే ఎందుకలా వదిలేశారూ అంటే... వేగం కోసం. ప్రతి తలుపు దగ్గరా ఆగి 'ఈ గది ఉందా, లేదా' అని చూసుకుంటే పని నెమ్మదిస్తుంది. చూసుకునే బాధ్యత రాసేవాడిదేనని భాష వదిలేసింది. ఫోన్ల లోపలి వ్యవస్థలు, బ్రౌజర్లు, యంత్రాల్ని నడిపే ప్రోగ్రాములు చాలా మటుకు ఈ 'సి' కుటుంబపు భాషల్లోనే రాశారు. రాసినవాళ్లలో ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట చూసుకోవడం మరిచిపోతే? 2014లో బయటపడిన 'హార్ట్‌బ్లీడ్' లోపం అలాంటిదే. పంపినదానికంటే ఎక్కువ పొడవు చెబితే సర్వర్లు తమ మెమరీలోని రహస్యాల్ని 64 కిలోబైట్ల చొప్పున పరాయివాళ్ల చేతిలో పెట్టేశాయి.

ఇరవై ఇచ్చి ఇరవయ్యొకటి అడిగితే...

2024 జులై 19, శుక్రవారం. శంషాబాద్‌లోని రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో కంప్యూటర్ తెరలు నీలంగా మారిపోయాయి. సిబ్బంది పెన్నులు తీసి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఇక్కడొక్కచోటే కాదు. ప్రపంచమంతటా విమానాలు, ఆసుపత్రులు, బ్యాంకులు తల్లడిల్లాయి. పడిపోయిన విండోస్ కంప్యూటర్లు సుమారు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది.

వైరస్ దాడేమో అనుకున్నారంతా. కాదు. వైరస్‌ల నుంచి కాపాడాల్సిన సాఫ్ట్‌వేరే చేసిన పని అది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఓ తాజా ఫైలు వల్ల ఇదంతా జరిగింది. ఆ సంస్థే తరవాత విడుదలచేసిన నివేదిక చదివితే ఆశ్చర్యమేస్తుంది. ఒకచోట 21 విలువలు వస్తాయని రాసుకున్నారు. వాటిని అందించాల్సిన భాగం 20 మాత్రమే ఇచ్చింది. ఇరవయ్యొకటో గడిలోకి తొంగిచూసిన ప్రోగ్రాము తనది కాని మెమరీలో చెయ్యిపెట్టి కంప్యూటర్‌తో సహా కూలిపోయింది. మన సత్రంలో పదకొండో గది కథే!

మరి పరీక్షించలేదా? పరీక్షించారు. అదే ఇందులో అసలు పాఠం. ఆ పరీక్షల్లో ఇరవయ్యొకటో గడి దగ్గర 'ఏదైనా ఫరవాలేదు' అన్న గుర్తే వాడారు. అది ఉన్నంతకాలం ప్రోగ్రాము ఆ గడిలోకి చూడాల్సిన అవసరమే రాలేదు. జులై 19న మొట్టమొదటిసారి దానికి నిజమైన విలువ అడిగారు. పరీక్షలు జరగడం వేరు, పొలిమేరదాకా వెళ్లడం వేరు.

రాజవొమ్మంగిలో ఏముంది?

విమానాశ్రయంలో తెర నీలమైతే లోకమంతా వార్త. కొండమీద పడని వేలిముద్ర వార్త కాదు. కానీ సాఫ్ట్‌వేర్ పొలిమేరలన్నీ ఒకేచోట కలిసే ఊరు కావాలంటే తూర్పుకనుమల్లోని మన్యమంత తగినచోటు దొరకదు. అందులో ఒకటి రాజవొమ్మంగి. 1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు దళం దాడిచేసిన పోలీసుస్టేషన్ ఇక్కడిదే. చింతపల్లి, కృష్ణదేవిపేట తరవాత వరసగా మూడోరోజు అది. జీడిమామిడి తోటలు, చింతచెట్లు, కొండచీపుళ్లు, గెడ్డలు, వాలులో విసిరేసినట్టుండే చిన్నచిన్న పల్లెలు... మండలం రూపురేఖలవి.

ఇక్కడి జీవితాన్ని ఒక టెస్టరు కళ్లతో చూడండి.

మొదటిది వేలు. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి రేషన్ సరుకులకు వేలిముద్ర యంత్రాలు వచ్చాయి. వేలి చర్మంమీది గీతలు స్పష్టంగా ఉంటాయన్నది వాటి నమ్మకం. మట్టిపని చేసేవాళ్ల వేళ్లు అరిగిపోతాయి. జీడిపిక్క తొక్కలోంచి వచ్చే జిగురు నూనె చర్మాన్ని కాల్చి పొరలు ఊడదీస్తుంది. వయసు పైబడితే గీతలు పలచబడతాయి. నగరంలో కుర్చీలో కూర్చుని పనిచేసే పాతికేళ్ల కుర్రాడి వేలితో వెయ్యిసార్లు పరీక్షించినా ఈ సంగతి తెలియదు. పదిమంది ముసలి కూలీల వేళ్లతో ఒక్కపూట పరీక్షిస్తే తెలిసిపోతుంది. కనుపాప యంత్రాలు, వీఆర్వో ధ్రువీకరణ లాంటి పక్కదారులు తరవాత్తరవాత చేరాయి. ఆ పక్కదారి మొదటిరోజే ఉంటే ఎన్ని కాళ్ల తిరుగుడు తప్పేదో!

రెండోది సిగ్నల్. ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరును ఫోన్‌లోని యాప్ ద్వారా తీసుకోవడం 20 మంది అంతకుమించి పనిచేసే చోట్ల 2022 మే 16 నుంచి తప్పనిసరి చేశారు. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనులకూ వర్తింపజేశారు. పొద్దున ఒక ఫొటో, మధ్యాహ్నం ఒక ఫొటో. సిగ్నల్ లేనిచోట ఫొటో తీసి దాచుకుని, దొరికాక పంపుకునే వీలుందని ప్రభుత్వం చెప్పింది. మంచిదే. కానీ టెస్టరు అడిగే ప్రశ్నలు వినండి. 'పొద్దున 21 మంది ఉండి మధ్యాహ్నానికి 19 మందే మిగిలితే? సిగ్నల్ దొరికేసరికి తేదీ మారిపోతే? దాచుకున్న ఫొటో పంపకముందే ఫోను చార్జింగ్ అయిపోతే? రెండో ఫొటో ముందు వెళ్లి, మొదటిది తరవాత వెళ్తే?' ఇందులో ఏ ఒక్కదానికి జవాబు రాతలో లేకపోయినా రోజంతా గడ్డపార పట్టిన మనిషికి ఆరోజు కూలి పోయినట్టే. ఫొటో ఎక్కనప్పుడు చేతిరాత హాజరుకు అనుమతిచ్చే అధికారం జిల్లాస్థాయిలో పెట్టారు. కొండవాలు పల్లె నుంచి జిల్లా కేంద్రానికి ఆ విన్నపం చేరేదెప్పుడు?

చిత్రమేమిటంటే, నిజంగా పనిచేసినవాళ్లను ఇబ్బందిపెట్టిన ఆ యాప్ అబద్ధాన్ని మాత్రం దర్జాగా లోపలికి రానిచ్చింది. పనితో సంబంధంలేని బొమ్మలు, ఫొటోకు తీసిన ఫొటోలు హాజరు కింద ఎక్కుతున్నాయని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. తలుపు తియ్యాల్సినవాళ్లకు తియ్యకపోవడం, మూయాల్సినవాళ్లకు మూయకపోవడం... పరీక్షించాల్సింది రెండు వైపులా.

మూడోది తేదీ. పుట్టినరోజు రాసిపెట్టుకునే అలవాటు లేని ఇళ్లు మన్యంలో కొల్లలు. 'ఆ ఏడు పెద్ద వరదొచ్చింది' అని గుర్తుంటుంది తప్ప తారీఖు ఉండదు. గడి మాత్రం తారీఖే అడుగుతుంది. దాంతో జనవరి 1 అని పడిపోతుంది. 2017లో హరిద్వార్ దగ్గరి గైండీఖాతా అనే ఊళ్లో వందలమంది ఆధార్ కార్డుల్లో జనవరి 1నే పుట్టినరోజుగా ఉందని బయటపడి దేశమంతా నవ్వుకుంది. నవ్వులాటే కాదది. అరవయ్యేళ్లకు పింఛను అన్నప్పుడు ఆ తారీఖే పొలిమేర. అందులో ఏడాది తేడా ఉంటే ఏడాది పింఛను తేడా. పిల్లలకైతే అయిదేళ్లకొకసారి, పదిహేనేళ్లకొకసారి ఆధార్‌లో వేలిముద్రలు కొత్తగా ఇవ్వాలి. ఆ రెండు పుట్టినరోజులూ రెండు పొలిమేరలే.

నాలుగోది ఊరు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. రాజవొమ్మంగి తూర్పుగోదావరి నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మారింది. మనుషులు కదల్లేదు, ఊరు కదల్లేదు. చిరునామా కదిలింది. ఏప్రిల్ 3న చేసిన దరఖాస్తు ఏ జిల్లాది? కొత్త జాబితాలో పాత జిల్లా పేరున్న కార్డు చెల్లుతుందా? మనుషుల కార్యాలయంలో గుమాస్తా అర్థంచేసుకుని సర్దుతాడు. పేర్లు అక్షరం అక్షరం సరిపోలాలనే ప్రోగ్రాముకు సర్దుబాటు తెలియదు. ఎవరైనా ముందే ఊహించి, పరీక్షించి, రాసిపెడితే తప్ప.

ఇవన్నీ కొండవాళ్లకే వచ్చే చిక్కులని అనుకోవద్దు. ఇంటిపేరు గడి ఎలా నింపాలో తెలియక అమెరికా వీసాలో అసలు పేరు స్థానంలో 'ఎఫ్ఎన్‌యూ' అని వేయించుకున్న తెలుగువాళ్లు ఎందరో. 'మొదటి పేరు తెలియదు' అని దానర్థం. 2022 నవంబరులో యూఏఈ ఒంటిపేరు పాస్‌పోర్టులతో వచ్చే సందర్శకులను అనుమతించబోమన్నప్పుడు విమానాశ్రయం మెట్లదగ్గర కంగారుపడిన వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఎవరి పొలిమేర వాళ్లది.

సున్నా కూడా సరైన మార్కే!

పొలిమేరకు లోపలే ఉన్నా తప్పు తప్పే అని నేర్పిన సంఘటన ఒకటుంది. తెలుగు కుటుంబాలు మరిచిపోలేనిది. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. దాదాపు పది లక్షలమంది పిల్లలు. మంచిర్యాల జిల్లాకు చెందిన ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చింది. మిగతా సబ్జెక్టుల్లో చక్కటి మార్కులున్న అమ్మాయి. జవాబుపత్రం తీసి చూస్తే ఆమెకు రావాల్సినవి 99. మార్కుల పత్రంలో గుండ్రాలు నింపినచోట 99కి బదులు రెండు సున్నాలు దిద్దారు. పరిశీలించాల్సినవాళ్లు పరిశీలించలేదు. సాఫ్ట్‌వేరూ ఆగలేదు.

ఎందుకు ఆగలేదు? సున్నా నుంచి వందలోపు ఉంటే సరైన మార్కే అన్నది దాని లెక్క. నూటొకటి వచ్చి ఉంటే 'తప్పు' అని కేకవేసేదేమో. సున్నా పొలిమేరకు సరిగ్గా లోపలిగట్టున నిలబడింది. కానీ 'మిగతావాటిల్లో ఇంత బాగా రాసిన అమ్మాయికి ఇక్కడ సున్నా ఏమిటి? ఒక్కసారి మనిషి చూడాలి' అని ఆగే చిన్న మెలిక దానికి ఎవరూ పెట్టలేదు. సరైన విలువ వేరు, నమ్మదగిన విలువ వేరు.

ఆ ఏడు ఫలితాల్లో తప్పులున్నాయంటూ రాష్ట్రమంతా ఆందోళనలు జరిగాయి. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. ఫెయిలైనవాళ్ల పత్రాలన్నీ ఉచితంగా తిరిగి పరిశీలించారు. ఫలితాలొచ్చిన రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాటన్నిటికీ ఒక్క సాఫ్ట్‌వేరే కారణమని ఎవరూ చెప్పలేరు. కానీ ఒక అంకె ఇంటిమీద ఎంత బరువుగా పడుతుందో ఆ వేసవి చూపించింది. టెస్టింగ్‌లో మిగుల్చుకున్న రెండు వారాలకు ఖరీదు ఎవరు కడతారో కూడా.

అమీర్‌పేట నుంచి 'పిచ్చి అక్షరాల' దాకా

టెస్టింగ్ మనవాళ్లకు కొత్త విద్యేం కాదు. 2000లలో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఏ గోడ చూసినా 'టెస్టింగ్ టూల్స్' బోర్డులే. విన్‌రన్నర్, లోడ్‌రన్నర్, క్యూటీపీ పేర్లు వల్లెవేసిన వేలమంది ఉద్యోగాల్లో కుదురుకున్నారు. అంతకుముందు ఎందరికో అమెరికా దారి చూపించిందీ ఓ పొలిమేరే. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములు 1999 తరవాత వచ్చే '00'ను 1900 అనుకుంటాయేమో అన్న వైటూకే భయం.

టెస్టింగ్‌లో చమత్కారమైన పద్ధతులూ ఉన్నాయి. 1988లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బార్టన్ మిల్లర్ ఉరుములు మెరుపుల రాత్రి ఫోన్‌లైను ద్వారా కంప్యూటర్ మీద పనిచేస్తున్నారు. వానకు లైన్లో గరగరలు పుట్టి పిచ్చిపిచ్చి అక్షరాలు దూరుతున్నాయి. వాటిని తిన్న ప్రోగ్రాములు టపటపా పడిపోతున్నాయి. విసుక్కోవాల్సిందిపోయి ఆయన దాన్నే పాఠంగా మార్చారు. ప్రోగ్రాములకు కావాలని అర్థంపర్థంలేని అక్షరాల కుప్పలు పోసి చూడమని విద్యార్థులకు చెప్పారు. యూనిక్స్ వ్యవస్థల్లో పరీక్షించిన ప్రోగ్రాముల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా కూలిపోవడమో, బిగుసుకుపోవడమో జరిగింది. దాని పేరే 'ఫజ్ టెస్టింగ్'. మనిషి ఊహకు అందని పొలిమేరల్ని యంత్రమే వెతికిపెట్టే పద్ధతి. పెద్ద బ్రౌజర్లనూ, ఫోన్ల వ్యవస్థల్నీ ఇప్పుడు పగలూరాత్రీ ఇలాగే పరీక్షిస్తుంటారు. దీనికి తోడు 'శానిటైజర్లు' అనే కాపలా సాధనాలు వచ్చాయి. లేని గది తాళం తిప్పబోతే పరీక్షల్లోనే చెయ్యి పట్టుకుని ఆపి, ఏ వరసలో తప్పుందో చెబుతాయి. ఏమీ జరగనట్టు నటించే తప్పుల్ని కేకవేసేలా చేయడమే వాటి పని.

అంత చేసినా ప్రతి తేదీనీ, ప్రతి అంకెనూ యంత్రమే ఊహించలేదు. 1996 జూన్ 4న అంతరిక్షంలోకి ఎగిరిన ఏరియన్-5 రాకెట్ నలభై సెకన్లలోపే పేలిపోయింది. గరిష్ఠంగా 32,767 పట్టే గడిలోకి అంతకంటే పెద్ద అంకె వచ్చిపడటమే కారణం. ఆ ప్రోగ్రాము అంతకుముందు ఏరియన్-4లో నిక్షేపంగా పనిచేసిందే! కొత్త రాకెట్ వేగం ఎక్కువని లెక్కచూసుకోలేదంతే. 2012 ఫిబ్రవరి 29న మైక్రోసాఫ్ట్ అజూర్ సేవలు గంటలకొద్దీ ఆగిపోయాయి. ఏడాది తరవాతి తేదీ కోసం ప్రోగ్రాము 2013 ఫిబ్రవరి 29 అని రాసుకుంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో 29 లేనేలేదు!

తరవాతి పొలిమేర తేదీ ఇప్పటికే తెలుసు. 2038 జనవరి 19, మంగళవారం. మన గడియారం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. 1970 నుంచి సెకన్లను లెక్కపెట్టుకుంటూ వస్తున్న పాత 32 బిట్ల వ్యవస్థల్లో లెక్క 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దగ్గర నిండిపోతుంది. మరుసటి సెకను వాటికి 1901 డిసెంబరు! కొత్త కంప్యూటర్లలో ఈ చిక్కును చాలావరకు సరిచేశారు. మార్చకుండా మూలన పనిచేస్తున్న పాత యంత్రాల్ని వెతికి పట్టుకోవడమే మిగిలిన పని.

మీ ఇంట్లోనూ టెస్టరున్నారు

ఆన్‌లైన్ దరఖాస్తు నింపేటప్పుడు 'తప్పు' అని వస్తే మనమే తప్పు చేశామనుకుని సిగ్గుపడతాం. అక్కర్లేదు. తప్పు గడిదీ కావచ్చు.

• ఏ గడి దగ్గర, ఏ విలువ ఇస్తే, తెర ఏమన్నదో తేదీతో సహా రాసిపెట్టుకోండి. ఫొటో తీసుకోండి. 'పనిచెయ్యడం లేదు' అంటే ఎవరికీ అర్థంకాదు. 'ఇంటిపేరు ఒక్క అక్షరమైతే తీసుకోవడం లేదు' అంటే ప్రోగ్రామరుకు అరగంట పని.

• పేరు, పుట్టినతేదీ ఒక కార్డులో ఒకలా, మరో కార్డులో మరోలా ఉంటే అవసరం వచ్చేదాకా ఆగకండి. వయసు పొలిమేర చేరకముందే సరిచేయించుకోండి. ముఖ్యంగా జనవరి 1 పుట్టినరోజులు.

• అయిదేళ్లు, పదిహేనేళ్లు నిండిన పిల్లల ఆధార్ వేలిముద్రలు కొత్తగా ఇప్పించండి.

• వేలిముద్ర పడలేదని ఉత్తచేతులతో వెనక్కి రావద్దు. మరో వేలు, కనుపాప, ఇతర ధ్రువీకరణ ఏముందో అడగండి. ధ్రువీకరణ విఫలమైనంత మాత్రాన అర్హులకు ప్రయోజనం ఆగదన్న కేంద్రం హామీని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులో నమోదుచేసింది.

• మార్కులైనా, కరెంటు బిల్లైనా... అంకె అసాధారణంగా కనిపిస్తే 'కంప్యూటర్ చెప్పింది కదా' అని ఊరుకోకండి. పత్రం చూపించమనండి.

పరీక్ష ఎక్కడ మొదలవ్వాలి?

ప్రభుత్వ యాప్ అయినా, ప్రైవేటు యాప్ అయినా సాధారణంగా నగరంలో తయారై, నగరంలోనే పరీక్ష పాసై, చివరికెప్పుడో కొండకు చేరుతుంది. అక్కడ తప్పు బయటపడితే దాన్ని 'ప్రత్యేక సమస్య' అంటారు. మనం పైన చూసిన కథలన్నీ చెప్పేది వేరు. తెలుగు 'జ్ఞా' ప్రత్యేక సమస్య కాదు, లోపలికొచ్చేదాన్ని సరిచూసుకోని ప్రోగ్రాము సమస్య. ఇరవయ్యొకటో గడి అపూర్వమేం కాదు, అక్కడిదాకా వెళ్లని పరీక్షది లోపం. అరిగిన వేలు, అందని సిగ్నల్, తెలియని తారీఖు, మారిన జిల్లా... ఇవి రాజవొమ్మంగి చేసిన తప్పులు కావు. సాఫ్ట్‌వేర్ రాసినప్పుడు ఎవరూ అడగని ప్రశ్నలు.

అనుభవమున్న టెస్టరు పన్నెండో పుట్టినరోజు పిల్లాడితో మొదలుపెడతాడు, ఎనిమిదేళ్ల పాపతో కాదు. యాపులు తయారుచేసేవాళ్లూ అలాగే కొండతో మొదలుపెట్టి కిందికి దిగొచ్చు. జీడితోటలో పనిచేసిన చేతికి, సిగ్నల్ లేని మధ్యాహ్నానికి, ఇంటిపేరు ఒక్కక్షరమైన మనిషికి పనిచేసిన యాప్ హైటెక్‌సిటీలో పనిచెయ్యకపోవడమంటూ ఉండదు. అటు నుంచి ఇటు మాత్రం ఆ భరోసా లేదు.